సంతలో చెప్పాల్సిన మాట

బస్తర్‌లో కబురు సంతకు నడిచొస్తుంది, సంత నుంచే ఊళ్లకు నడిచిపోతుంది. ఇప్పపువ్వు, చింతపండు గంపల్లో తెచ్చి అమ్ముకుని ఉప్పు, సబ్బు కొనుక్కుపోయే ఆడవాళ్లే దాన్ని మోసుకెళ్లేది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి చెప్పదలచినవారు ముందు ఆ దారి పట్టాలి.

చెప్పడం తేలిక కాదు. జ్వరమొస్తే సూది కోసం ఎవరైనా వస్తారు. ఏ బాధా లేని మనిషిని ‘ఒకసారి చూపించుకో అక్కా’ అని పిలవడం వేరు. పైగా సిగ్గు విడిచి చేయించుకోవాల్సిన పరీక్ష. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఒంట్లో తిష్ఠ వేశాక కణాలు చెడి క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో నొప్పి ఉండదు. కాపాడుకోగలిగిన కాలమూ అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం. వందకు ఇద్దరు కూడా లేరు!

బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో దీనికి మంచి పునాదే ఉంది. 2002లో మొదలైన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకానికి ‘మితానిన్’ అని పేరు పెట్టారు. నేస్తం అని అర్థం. 2010లో వచ్చిన ‘సీజీనెట్ స్వర’ అనే ఫోన్ వార్తా వేదిక పుణ్యాన చదువు రానివాళ్లు కూడా ఫోన్లో తమ గోండీ భాషలోనే కబురు చెప్పారు, విన్నారు. ఆ తర్వాతి ‘బుల్టూ రేడియో’లో అవే కబుర్లు బ్లూటూత్ మీద ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. ఆస్పత్రి గోడమీది హిందీ పోస్టరు ఈ పని చేయలేదు. హల్బీ పలికే ఊరికి హల్బీలో, కోంటా వైపు దోర్లీలో, తెలిసిన గొంతుతో చెప్తేనే ‘ఇది నాకే’ అనిపిస్తుంది.

అయితే మాట ఒక్కటే చాలదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన స్థానిక మహిళలు అవగాహన కల్పిస్తూనే, వెనిగర్‌లోని ఆమ్లాన్ని పలచన చేసి రాసి తెల్ల మచ్చల కోసం చూసే పరీక్షా చేశారు. పరీక్ష అందిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలు, ల్యాబులు అక్కర్లేకుండానే!

2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హాట్ బజార్ క్లినిక్ పథకంతో వైద్య బృందాలను సంతలకే పంపింది. అలాంటి ప్రతి సంతలోనూ నాలుగు తెరలు కట్టిన చాటు, ఒక నర్సమ్మ, మచ్చ కనిపిస్తే ఎక్కడికి పంపాలో రాసిన చీటీ ఉండాలి. ఫోన్లో తెలిసిన గొంతు విని ధైర్యం చేసి వచ్చిన అక్కను ‘వచ్చేవారం రా’ అని మాత్రం తిప్పి పంపకండి.