ఒకే కుంచం

రాత్రి ఆవకాయ అన్నం గట్టిగా లాగించి, పొద్దున్నే బరువు చూసుకుంటే ముల్లు కిలో పైకి జరిగి ఉంటుంది. అది కండ కాదు, కొవ్వూ కాదు. ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు. బలం పెంచుకోవాలని తిండి లెక్క రాసుకునేవాళ్లు ఆ అంకె చూసి బెదిరిపోయి మధ్యాహ్నం అన్నం సగానికి సగం తగ్గిస్తారు. సాయంత్రం స్క్వాట్‌కి దిగితే కాళ్లలో పస ఉండదు.

స్ట్రాంగర్ బై సైన్స్ బృందం 2021లో తెచ్చిన తిండి లెక్కల యాప్ మాక్రోఫ్యాక్టర్ ఈ అంకెను చూసే తీరే వేరు. ఆ బృందాన్ని మొదలుపెట్టిన గ్రెగ్ నకల్స్ స్వయంగా పవర్‌లిఫ్టర్. ఆ అనుభవం యాప్‌లో కనిపిస్తుంది. రోజువారీ బరువును అది పూర్తిగా నమ్మదు, ఎగుడుదిగుళ్లను సాపు చేసి ధోరణి గీత ఒకటి గీస్తుంది. ఈ ఆలోచన పాతదే. ఆటోడెస్క్ స్థాపకుల్లో ఒకరైన జాన్ వాకర్ 1991 నాటి ‘ది హ్యాకర్స్ డైట్’లో ఇలాంటిదే చేశాడు: ధోరణి 70 కిలోలుండి, ఇవాళ 71 చూపిస్తే, తేడాలో పదో వంతే కలిపి 70.1 అని రాసుకోమన్నాడు. ఆవకాయ కిలో అక్కడ వంద గ్రాములైపోతుంది.

అసలు పనితనం ఆ తర్వాత ఉంది. చాలా యాప్‌లు వయసు, ఎత్తు, బరువు, ‘మధ్యస్థ శ్రమ’ లాంటి ఒక గడి అడిగి, సూత్రంలో వేసి రోజుకిన్ని కేలరీలని తేల్చేస్తాయి. మాక్రోఫ్యాక్టర్‌కు ఆ సూత్రం మొదటి మెట్టు మాత్రమే. చేతి గడియారం చెప్పే ఖర్చును అది లెక్కలోకే తీసుకోదు. తిన్నదాన్నీ ధోరణి గీతనూ పక్కపక్కన పెట్టి వెనక్కి లెక్క కడుతుంది. రోజుకు సగటున 2600 కేలరీల చొప్పున 21 రోజులు తిన్నారు, ధోరణి 0.3 కిలో పెరిగింది అనుకుందాం. కిలోకు సుమారు 7700 చొప్పున 2310 కేలరీలు ఒంట్లో నిలిచాయి, అంటే రోజుకు 110. కాబట్టి ఖర్చు 2490. లోపలి గణితం ఇంతకన్నా చిక్కైనది, కానీ మూలం ఇదే.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. పప్పుకు బార్‌కోడ్ ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల విలువలతో పట్టికలు వేసింది, కానీ మీ అమ్మ పోపులో ఎంత నూనె పోసిందో ఏ పట్టికా చెప్పలేదు. రోజూ 150 కేలరీలు రాయకుండా వదిలేశారనుకోండి. యాప్‌కు అందేది 2450, అది తేల్చే ఖర్చు 2340. రోజుకు 110 ఎక్కువ తినాలంటే మళ్లీ 2450 తినమంటుంది. మీరు తినేది నిజానికి 2600! కుంచం చిన్నదే కావచ్చు, కొలిచి తీసుకున్నదీ కొలిచి ఇచ్చిందీ దాంతోనే అయితే ఇద్దరికీ నష్టం లేదు. తప్పు రోజూ ఒకేలా ఉంటే చాలు. ఇంత తెలివిగా తప్పును కలుపుకుపోయే లెక్కను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకపూట రాసి ఒకపూట మరిస్తే మాత్రం కుంచం మారిపోతుంది. అందుకే సగం రాసిన రోజుకన్నా ఖాళీగా వదిలిన రోజే మేలని యాప్ తయారీదారులే చెబుతారు. హద్దు దాటితే అంకెలు ఎర్రబడి గద్దించడమూ ఇందులో లేదు.

ప్రొటీన్ దగ్గర ఈ క్షమ పనిచేయదు. వ్యాయామం చేసేవారిపై 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ, కిలో బరువుకు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ కండకు ఉపకరిస్తుందని, ఆపైన సగటున అదనపు లాభం కనబడలేదని తేల్చింది. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 ఉంటుంది, అదీ పచ్చిది తూచితే. ఉడికి మూడింతలైన పప్పును తూచి, పచ్చిపప్పు విలువ వేసుకుంటే కాగితం మీద కండలు పెరుగుతాయి.

ఈ యాప్‌కు ఉచిత రూపం లేదు, చందా కట్టాలి. నీటికీ కండకూ తేడా కూడా దానికి తెలియదు. క్రియాటిన్ మొదలుపెట్టిన వారంలో ఒంట్లో చేరే నీటిని చూసి, ఖర్చు తగ్గిందని పొరబడగలదు. నీళ్లు ఒక మట్టానికి వచ్చాక, ఆపై వారాల బరువులు అందేకొద్దీ మళ్లీ దారికొస్తుంది. ఆలోగా అన్నం తగ్గించకుండా బార్‌కి ఇంకో రెండున్నర కిలోల ప్లేటు ఎక్కించవచ్చేమో చూసుకోవడం మన పని.