వెలుగు ఎటు నుంచి పడాలి

గుడికి లైట్లు పెట్టించాలన్నా, సెంటర్లో విగ్రహం నిలబెట్టాలన్నా మా వైపు మొదట వినపడే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనే. నూరు చాలదంటే రెండొందలు, అదీ చాలదంటే పక్కన ఇంకొకటి. విగ్రహం ఎత్తెంతో, రాయి ఎక్కడిదో, శిల్పి ఎవరో నెలల తరబడి మాట్లాడుకుంటాం. దీపాల సంగతి మాత్రం ప్రారంభోత్సవానికి రెండ్రోజుల ముందు గుర్తొస్తుంది. కొట్లో ఏది దొరికితే అది తెచ్చి, ఎదురుగా ఉన్న స్తంభానికి బిగించి స్విచ్చి వేస్తాం. చెరుకుపల్లి నుంచి తెనాలి వైపు పోయినా, రేపల్లె వైపు పోయినా, బాపట్ల వైపు పోయినా దారి పొడుగునా ఇదే వరస. విగ్రహాలున్నాయి, గోపురాలున్నాయి, వాటి మీద బోలెడంత వెలుగుంది. తీరా దగ్గరికెళ్లి చూస్తే కళ్లు జిగేల్‌మనడం తప్ప ఏ వంపూ ఏ చెక్కడమూ కనపడదు.

ఈ పనినే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు నగరాల్లో ఉన్నారు. లైటింగ్ డిజైనర్లంటారు. కట్టడాన్ని పగలు ఒకసారి చూసి, చీకటి పడ్డాక మళ్లీ వస్తారు. జనం ఏ దారిన వస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ కూర్చుంటారు, అక్కణ్నుంచి ఏది కనపడాలి, ఏది కనపడక్కర్లేదు అని తిరిగి తిరిగి చూస్తారు. ఒక్కో దీపానికీ చోటెక్కడో, వాలు ఎంతో, వెలుగు ఎంత వెడల్పున పరుచుకోవాలో, దాని రంగేమిటో కాగితం మీద రాసుకుంటారు. అంతా రాసుకున్నాక కూడా దాన్ని పూర్తిగా నమ్మరు. నాలుగు దీపాలు తెచ్చి, చేత్తో పట్టుకుని, వెలిగించి చూస్తారు. బిగింపు పూర్తయ్యాక చివరి రాత్రుళ్లు ఒక్కొక్క దీపాన్నీ కాస్త అటూ కాస్త ఇటూ తిప్పుతూ గడుపుతారు. నా మట్టుకు నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే గౌరవం కలిగేది ఆ చివరి రాత్రుళ్ల మీదే.

ఈ విద్య చాలా మటుకు నాటకాల స్టేజీ మీంచి దిగొచ్చింది. అమెరికాలో దీనికి దారి వేసిన రిచర్డ్ కెల్లీ యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మెక్‌క్యాండ్‌లెస్ దగ్గర చదువుకున్నాడు. మెక్‌క్యాండ్‌లెస్ పాఠం చెప్పింది రంగస్థల దీపాల మీద. తెనాలి చుట్టుపక్కల నాటకాలు చూసి పెరిగినవాళ్లకు ఈ చుట్టరికం విడమర్చి చెప్పక్కర్లేదు. పద్యం అందుకున్న నటుడి మొహం మీద ఫోకస్ ఆలస్యంగా పడితే ప్రేక్షకుల్లోంచే కేకలొచ్చేవి.

కెల్లీ 1952లో వెలుగును మూడు రకాలుగా విడదీసి చెప్పాడు. అంతటా సమంగా పరుచుకునేది ఒకటి, చూపును ఒకచోట నిలబెట్టేది ఒకటి, తళుకులతో మనసును హుషారు చేసేది ఒకటి. ఆయన చూడలేదు గాని, ఈ మూడూ మా డెల్టా ఊళ్లకు కొత్తవి కావు. కుప్ప నూర్చిన రాత్రి కళ్లమంతా పరుచుకున్న వెన్నెల మొదటిది. హరికథ చెప్పే దాసుగారి మొహం మీద పెట్రోమాక్స్ లైటు రెండోది. కార్తీకంలో కాలవ నీళ్ల మీద వణికే అరటిదొప్పల దీపాలు మూడోది. నేల మీద పడే వెలుగును లక్స్ లెక్కన కొలుస్తారు. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతుకు మించదు, మన ప్రమాణాల ప్రకారం చిన్న వీధికి సగటున కావలసింది 4 లక్స్, పెద్ద రోడ్డుకు 30. లక్స్‌లో మూడో వంతు వెలుగులో మన పెద్దవాళ్లు వడ్లు తూర్పారబట్టారు. మనిషి కన్ను అంత సమర్థమైంది. పక్కన కళ్లు చెదరగొట్టేది ఏదీ ఉండకూడదు, అంతే.

మా మండలంలోనే ఒక చిన్న ఊళ్లో రామాలయం ఉంది. విమానం మీద సిమెంటు బొమ్మలు, మూలకొక గరుత్మంతుడు, తూర్పు వైపు ఆంజనేయుడు. ఎదురు స్తంభానికి రెండు ఫ్లడ్ లైట్లు, తెల్లగా, నేరుగా. బొమ్మలన్నీ గోడకు అతికించిన కాగితాల్లా చదునుగా ఉండేవి. ఊరి ఎలక్ట్రీషియన్ నా పాత విద్యార్థి. ఒక సాయంత్రం ఆ రెండూ ఆర్పించి, పన్నెండు వాట్ల చిన్న ఫోకస్ లైటు, పసుపు ఛాయది, గోడకు జానెడు దూరంలో కింద పెట్టి పైకి తిప్పమన్నాను. "కింద పెడితే పైదాకా ఏం పోద్ది మాస్టారూ?" అన్నాడు. వెలిగించాడు. ఆంజనేయుడి ధోవతి మడతలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. గద మీది గాట్లు, వేళ్ల సందులు, ఏనాడో పని చేసిపోయిన మేస్త్రి తాపీ గీతలతో సహా కనపడ్డాయి.

కానీ మొహం పాడైంది. వెలుగు మరీ కింద నుంచి కొట్టేసరికి ముక్కు నీడ నుదుటి మీదికి ఎక్కి, కళ్ల కింద వెలుగు, పైన చీకటి. భయపెట్టే మొహం. భక్తుడి మొహంలా లేదు. లైటును గోడ నుంచి నాలుగడుగులు వెనక్కి జరిపి, కొంచెం పక్కకు పెట్టాం. నీడ నుదుటి మీంచి దిగి చెంపకు చేరింది. మొహం మళ్లీ మొహమైంది. అబ్బాయి లైటు అక్కడే వదిలేసి, రోడ్డు మీదికి పోయి నిలబడి చూసి వచ్చాడు. "నీడ పడితేనే బొమ్మ లేచొస్తంది మాస్టారూ" అన్నాడు. ఇందాకటి రెండు లైట్లు కలిసి నాలుగొందల వాట్లు.

న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహానికి 1986లో కొత్త దీపాలు పెట్టిన హోవర్డ్ బ్రాండ్‌స్టన్ చేసింది కూడా ఈ తంతే, పెద్ద ఎత్తున. రోజులో వేర్వేరు వేళల్లో విగ్రహాన్ని చూసి, తెల్లవారుజాము వెలుగులో బాగుందని తేల్చుకుని, ఆ వెలుగుకు దగ్గరగా వచ్చే దీపాలు తయారు చేయించుకున్నాడు. ముందు చూపు, ఆ తర్వాతే సామాను.

రంగు సంగతి కూడా చెప్పాలి. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. నూనె దీపం వెలుగు సుమారు 1900 కెల్విన్లు. పాత సోడియం వీధి దీపం రెండు వేలకు కాస్త పైన. ఇంట్లో వాడిన పాత గుండు బల్బు 2700. ఇప్పుడు మన వీధుల్లో కనపడే తెల్ల ఎల్‌ఈడీ ఆరు వేల చుట్టుపక్కల. అంకె పెరిగేకొద్దీ నీలం పాలు ఎక్కువవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక అక్కడ 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాయి. 2017లో ఏడు జిల్లాల పంచాయతీల్లో పది లక్షల దీపాలు మార్చే పథకం వచ్చింది. అందులో అప్పటి మన ఉమ్మడి గుంటూరు జిల్లా ఒకటి. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. పంచాయతీలకు కరెంటు బిల్లు తగ్గింది. సోడియం వెలుగులో ఎర్రచీరకూ గోధుమరంగు చీరకూ తేడా తెలిసేది కాదు, ఇప్పుడు ఎదురొచ్చే మనిషి ఎవరో పోల్చుకోగలం. ట్యూషన్ నుంచి ఇంటికొచ్చే ఆడపిల్లకు ఆ ధైర్యం ఎంత అవసరమో నేను ఎరుగుదును.

నా పోరంతా ఆ దీపాన్ని ఎలా బిగించారన్న దాని మీద. చాలాచోట్ల తల పైకెత్తి ఉంటుంది, చుట్టూ తొడుగు ఉండదు. సగం వెలుగు రోడ్డు మీద పడితే మిగతా సగం ఎదురింటి మేడమీది కిటికీలోకీ, సైకిలు మీద వచ్చే పెద్దాయన కళ్లలోకీ పోతుంది. అరవై దాటినవాళ్ల కంటి లోపలి పొరకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కుర్రాడికి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. పైగా ఎదురు వెలుగుకు వాళ్ల కన్ను త్వరగా చెదిరిపోతుంది. అరుగుల మీద కూర్చునేది వాళ్లే, చీకట్నే లేచి పాల కేంద్రానికి నడిచేదీ వాళ్లే. దీపం తల రోడ్డుకు సమాంతరంగా దించి, ఒక రేకు తొడుగు వేస్తే సగం బాధ తీరిపోతుంది.

చేల సంగతి ఇంకొకటి. సాంబ మసూరి ఈనిక మీద ఉన్న అక్టోబరు, నవంబరు రాత్రుళ్లు పొలం అంచున ఉన్న దీపం కింద నిలబడి చూడండి. పచ్చదీపపు పురుగులు రాశులు పోస్తాయి. టీ కొట్టువాడు గ్లాసుల మీద గుడ్డ కప్పుకుంటాడు, బజ్జీల బండి ఆయన కడాయి పక్కకు జరుపుకుంటాడు. పురుగులు నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగుకు ఎగబడినంతగా పసుపు వెలుగుకు ఎగబడవు. రైతుకు దీపపు ఎరలు పెట్టమని చెప్పేదే ఆ ఆకర్షణ తెలిసి. మరి చేల పక్క ఊరికి తెల్లటి దీపాలు ఎంచినవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సింది.

సముద్రం దగ్గరికి పోతే సంగతి ఇంకా సున్నితం. సూర్యలంక ఇసుకలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల్లోపు గుడ్లు చిట్లి, పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. వాటికి తెలిసిన దారి ఒక్కటే, ఏ దిక్కు వెలుగ్గా ఉంటే ఆ దిక్కుకు పోవడం. వేల ఏళ్లుగా ఆ దిక్కు సముద్రమే. ఇప్పుడు రిసార్టు దీపాలు వెనక నుంచి వెలిగితే అవి రోడ్డు వైపు పాకుతాయి. అటవీశాఖ గుడ్లు ఏరి, హేచరీల్లో కాపాడి పిల్లల్ని నీళ్లలోకి వదులుతోంది. తీరం వెంబడి దీపాలు కిందికి, తొడుగుతో, కాషాయం ఛాయలో ఉంటే ఆ శ్రమకు తోడు పడినట్టు. ఆ ఛాయను తాబేటి పిల్లలు అంతగా పట్టించుకోవు, మనిషి నడవడానికి మాత్రం సరిపోతుంది.

హైదరాబాదు దుర్గం చెరువు తీగల వంతెన 2020లో తెరిచాక, రంగులు మారే దీపాలంటే మన చిన్న ఊళ్లకు కూడా మోజు పుట్టింది. ఆ వంతెనకు అది నప్పింది. తీగలు సన్నవి, కింద నీళ్లు, చుట్టూ కొత్త నగరం. అదే రంగులు పాత గుడి మీద తిప్పితే నాకు మనసొప్పదు. నిమిషానికోసారి నీలం, ఆకుపచ్చ, గులాబీ అయిపోయే రాతి స్తంభం మీద చూపు నిలవదు. మా దగ్గర్లోనే భట్టిప్రోలులో క్రీస్తుకు ముందు నాటి స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువుల పేటికలూ, బ్రాహ్మీ రాతలూ బయటపడ్డ చోటు. అక్కడ ఎప్పుడైనా దీపాలు పెట్టాలనుకుంటే ముందు తాజ్‌మహల్ సంగతి తలుచుకోవాలి. 2004 నుంచి తాజ్‌ను రాత్రిపూట చూడనిస్తున్నది పున్నమికి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు, అదీ వెన్నెల్లోనే. భట్టిప్రోలు ఇటుక దిబ్బకు కూడా అంతకు మించిన దీపం అక్కర్లేదని నా నమ్మకం.

తెనాలిలోని రణరంగ చౌక్ మాత్రం అలా వెన్నెలకు వదిలేయాల్సిన చోటు కాదు. 1942 ఆగస్టు 12న తెనాలి రైల్వేస్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల గుర్తుగా అక్కడ ఏడు స్తూపాలు, భారతమాత విగ్రహం నిలబెట్టారు. ఊరి నడిబొడ్డు, రాత్రి తొమ్మిదింటికి కూడా బండ్లూ మనుషులూ తిరిగే చోటు. ఏడింటినీ కలిపి ఒకే పెద్ద వెలుగులో ముంచితే ఏడుగురు మనుషులు ఒక గుంపు అయిపోతారు. ఒక్కో స్తూపానికి అడుగున ఒక్కో సన్నటి దీపం, పది వాట్లది, వెచ్చటి ఛాయది, రోడ్డు వైపు కళ్లకు తగలకుండా తొడుగుతో. మధ్యలో సందులు చీకటిగానే ఉండనివ్వాలి, అప్పుడే ఏడూ వేటికవి లెక్కకు వస్తాయి. భారతమాత మొహానికి మాత్రం పై నుంచి, పక్కగా ఒకటి. మొత్తం నూరు వాట్లు దాటవు.

ఇలా పెట్టగానే బాగుంటుందని కాగితం మీద నేను చెప్పలేను. చుట్టూ ఉన్న కొట్ల బోర్డులు ఎంత తెల్లగా మెరుస్తాయో, బస్సు మలుపు తిరిగేటప్పుడు హెడ్‌లైటు ఏ స్తూపం మీద పడుతుందో అక్కడ నిలబడి చూస్తేనే తెలిసేది. ఆగస్టు 12కు ముందు ఒక రాత్రి, కొట్ల వాళ్లను అరగంట సేపు బోర్డులు ఆర్పమని అడిగి, దీపాలు చేత్తో పట్టుకుని చూడాలి. మునిసిపాలిటీ వాళ్లు ఊఁ అంటే చాలు. నిచ్చెనా, వైర్లూ మా ఎలక్ట్రీషియన్ అబ్బాయి తెస్తానన్నాడు.