గోడల మీది శ్రద్ధ గిన్నె మీద ఏది?

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు పనుల మీద వచ్చేవాళ్లు, బ్యాంకు కోచింగ్ కోసం గదులు తీసుకుని చదువుకునే పిల్లలు, మహానందికి పోయే యాత్రికులు, అందరికీ పని మధ్యలో ఒక టీ పడాలి. ఆ గిరాకీ చూసుకునే కొత్త తరహా టీ దుకాణాలు వెలిశాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా చిత్తూరు పోయే 40వ నంబరు జాతీయ రహదారి వెంట కూడా ఇదే వరస: వేలాడే లాంతర్లు, వెలిగే ఇంగ్లిషు అక్షరాలు, ఫొటోల కోసం ఓ ఉయ్యాల. మెనూ కార్డు తెరిస్తే అల్లం, బెల్లం, బాదం, తందూరి, చాక్లెట్ టీలు. ఇంత హంగు చూసి కూర్చున్నవాళ్ల ముందుకు చాలాసార్లు వచ్చేది మాత్రం గోరువెచ్చగా, తెట్టు కట్టి, తీపి తప్ప మరేమీ తెలియని టీ. తప్పు కాచిన కుర్రవాడిది కాదు, ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన పద్ధతిదే అంటాను.

టీ కాయడమంటే ఎప్పుడు ఆపాలో తెలియడం. మనం ఎక్కువగా తాగేది సీటీసీ పొడి. ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చించి, గుళికలు చేసే ఈ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. గుళిక చిన్నది గనక రంగు, ఘాటు నిమిషాల్లో దిగిపోతాయి. అక్కడ ఆపకపోతే వగరెక్కుతుంది, వాసన ఆవిరితో పోతుంది. పాలలోని మాంసకృత్తులు వగరును కొంత అణుస్తాయి గాని పోయిన వాసనను తేలేవు. నమూనాలను రుచి చూసి పోల్చేవాళ్ల కోసం 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 ప్రమాణం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల టీ, 6 నిమిషాల సమయం అని గీత గీసింది. మన పాల టీకి ఆ లెక్క కుదరదు. కానీ సమయానికి కట్టుబడడమనే నియమం బస్టాండు దగ్గరి టీ మాస్టరు చేతిలోనూ ఉంది. పొంగు లేవగానే మంట తగ్గిస్తాడు, గరిటెతో ఎత్తిపోసి రంగు చూస్తాడు, సరే అనుకున్నాకే గుడ్డలో వడగడతాడు. గిన్నె వెంటవెంటనే ఖాళీ అవుతుంది గనక తాజాదనం దానంతటదే వస్తుంది. ముప్పై రకాలు పెట్టుకున్న చోట ఏ రకానికీ అంత గిరాకీ ఉండదు. అందుకని డికాషన్ ముందే కాచి ఫ్లాస్కులో నిలవ ఉంచాలి, లేదా ప్రీమిక్స్ పొడి కలపాలి. నిరాశ అక్కడే మొదలవుతుంది.

అద్దె, ఏసీ, ఫ్రాంచైజీ రుసుము, జీతాలు పోను మిగిలేదెంత అని యజమానులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే లెక్క వేయండి. కిలో 500 రూపాయల పొడి కప్పుకు 3 గ్రాములు వేస్తే పడేది రూపాయిన్నర. దానికి రెట్టింపు ధర పొడి తెచ్చినా అదనంగా పడేది ఇంకో రూపాయిన్నరే. మొత్తం ఖర్చులో ఇంత చిన్న వాటా ఉన్న చోట పొదుపు చేసి, కనిపించే గోడలకు లక్షలు పోయడం పైన పటారం, లోన లొటారం. రుచి ఎవరిది వారిదే కదా అనేది ఇంకో మాట. చక్కెర, అల్లం, స్ట్రాంగు విషయంలో నిజమే. చల్లారిన టీని, మళ్లీ మళ్లీ మరిగించిన డికాషన్‌ను రుచి భేదం అనలేం.

గట్టి అభ్యంతరం మరొకటుంది. టీ బంకు మగవాళ్లు నిలబడి తాగే చోటు. అమ్మాయిలు, కుటుంబాలు నిశ్చింతగా ఓ గంట కూర్చునే చోటును ఊరికి ఇచ్చింది ఈ కొత్త దుకాణాలే. శుభ్రమైన బల్ల, మరుగుదొడ్డి చిన్న విషయాలేమీ కావు. ఒప్పుకుంటాను, వాటికి ఎక్కువ ధర ఇవ్వడమూ సబబే. కానీ కూర్చునే చోటు బాగుందని టీ బాగాలేకపోయినా సర్దుకోమంటే ఎలా? ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్లి చూడండి. రేకుల షెడ్డు, నేలంతా రాతిపొడి. విగ్రహం కోసం వచ్చినవాళ్లు షెడ్డును చూడరు, ముక్కు తీరు, వేళ్ల చెక్కడం చూస్తారు. ఉలి పట్టే చేతికి అక్కడున్న విలువ గిన్నె పట్టే చేతికీ దక్కాలి.

కాబట్టి యజమానులకు చెప్పేది ఇదే: రకాలు ఐదుకు కుదించండి, ఉయ్యాలకు పెట్టే డబ్బుతో మంచి టీ మాస్టరును పెట్టుకోండి, డికాషన్ ఎప్పుడు కాచారో బోర్డు మీద రాయండి. తాగేవాళ్లూ మొహమాటపడకండి. టీ బాగాలేకపోతే కప్పు వెనక్కిచ్చి మళ్లీ కాచమని అడగండి. అడిగేవాళ్లు లేనంత కాలం ఫ్లాస్కు టీయే వస్తుంది.