ఒంటరిగా తిరగని కవి

వర్డ్స్‌వర్త్ 'డాఫొడిల్స్' స్కూల్లో చదవనివాళ్ళు మనలో తక్కువే. ఆ పువ్వు ఎలా ఉంటుందో చూడకుండానే బట్టీ పట్టేశాం. కవి ఒంటరిగా తిరుగుతున్నాడు, సరస్సు ఒడ్డున పూలు కనిపించాయి, ప్రకృతి ఆయన మనసు నింపింది. ఇంత రాస్తే మార్కులు పడిపోయేవి.

కానీ ఆ రోజు ఆయన ఒంటరిగా లేడు. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు పక్కన నడుస్తుంటే వెంట చెల్లెలు డొరతీ ఉంది. ఆ నడకంతా ఆమె డైరీలో ఉంది. ఊపిరి ఆడనివ్వని గాలి. మొదట నీళ్ళ దగ్గర ఏవో కొన్ని పూలు, ముందుకెళ్ళేకొద్దీ ఒడ్డు పొడుగునా అవే. కొన్ని అలసిపోయి రాళ్ళ మీద తల వాల్చాయట, మిగతావి గాలితో కలిసి నవ్వుతూ ఆడుతున్నాయట. చివర్లో వాన, ఇద్దరూ తడిసిపోయారు.

అన్నగారు పద్యం రాసింది రెండేళ్ళ తర్వాత, 1804లో. 1807లో అచ్చయింది. అందులో చెల్లెలు లేదు, వాన లేదు. ఊపిరాడనివ్వని గాలి కాస్తా చిరుగాలి అయింది. అలసిన పూలు ఒక్కటీ లేవు, అన్నీ నాట్యమే.

దీన్ని దొంగతనం అనేసి ఊరుకోవచ్చు. ఫెమినిస్టు విమర్శ ఆ ప్రశ్న అడిగింది, అడగాల్సిందే. డొరతీ డైరీలు అచ్చులోకి వచ్చేసరికి ఆవిడే లేదు మరి. అయితే నన్ను ఎక్కువగా పట్టి ఆపేది ఆ పద్యం చివరి భాగం. అక్కడ సరస్సూ లేదు, పూలూ లేవు. ఒక గది, ఒక సోఫా, ఏమీ తోచక పడుకున్న మనిషి. పూలు చూసినప్పుడు తనకేం దక్కిందో అప్పుడు తెలియలేదనీ, ఇప్పుడు లోపలి కంటికి కనిపిస్తున్నాయనీ అంటాడు. అంటే ఇది ప్రకృతి గురించిన పద్యం కన్నా, ప్రకృతి ఎదురుగా లేనప్పుడు ఊహ చేసే పని గురించిన పద్యం. ఆ లోపలి కన్ను గురించీ, ఏకాంతంలోని ఆనందం గురించీ ఉన్న రెండు పంక్తులు భార్య మేరీవి. పద్యంలో మంచి పంక్తులు అవేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఏకాంతానందం కూడా ఇంట్లోవాళ్ళే అందించారన్నమాట!

ఆ నడక జరిగిన ఆరు రోజులకి మిత్రుడు కోల్‌రిడ్జ్ వచ్చి, తన కొత్త కవిత అన్నాచెల్లెళ్ళకి వినిపించాడు. తర్వాత 'డిజెక్షన్' అన్న పేరుతో అచ్చయిన కవితకి అది తొలి రూపం. అందులో ఆయన బాధ ఒక్కటే: ప్రకృతి తనంతట తాను మనకేమీ ఇవ్వదు, మనం పోసిందే తిరిగొస్తుంది, లోపల ఎండిపోతే చంద్రుడు కూడా ఉత్త చంద్రుడే. 'డాఫొడిల్స్' దీనికి సగం జవాబులా కనిపిస్తుంది నాకు. ప్రకృతి ఇస్తుంది, కానీ ఆలస్యంగా, దాచుకున్నవాడికే ఇస్తుంది అంటాడు వర్డ్స్‌వర్త్. మిగతా సగం ఆయన చెప్పలేదు. ఆ పూలని ముందు కాగితం మీద దాచింది చెల్లెలు కదా.

ఒంటరి కవి బొమ్మ మనకీ బాగా అలవాటే. ఇంగ్లీషు రొమాంటిక్కుల ప్రభావంతో వచ్చిన మన భావకవిత్వం నిండా, 'కృష్ణపక్షం' నిండా ఆ ఏకాంతమే. పక్కన ఎవరు నడిచారో మనమూ పెద్దగా అడగం. నేనూ అడగలేదు, డొరతీ డైరీ చేతికొచ్చేదాకా. ఇప్పుడు పద్యం చదివితే ఆ నాట్యం కన్నా రాళ్ళ మీద తల వాల్చిన పూలే ముందు గుర్తొస్తున్నాయి.