పొగను నమ్మినవాళ్లు, వాయువును తూచినవాడు

1783లో ఫ్రాన్సులో పది రోజుల తేడాతో మనిషి రెండు దారుల్లో ఆకాశానికి ఎక్కాడు. నవంబరు 21న మాంట్‌గోల్ఫియర్ సోదరుల వేడిగాలి బెలూన్‌లో పిలాత్ర్ ద రోజియర్, మార్క్విస్ దార్లాంద్ పారిస్ మీదుగా పాతిక నిమిషాలు తేలారు. డిసెంబరు 1న జాక్ చార్లెస్ హైడ్రోజన్ బెలూన్‌లో రెండు గంటలు ప్రయాణించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని చార్లెస్ నియమం ఈయన పేరు మీదిదే.

మాంట్‌గోల్ఫియర్లది కాగితం తయారుచేసే కుటుంబం. బెలూన్‌ను లేపేది పొగలోని ఏదో ప్రత్యేక వాయువని నమ్మి, గడ్డితో పాటు ఉన్నిని కూడా మండించారు. సిద్ధాంతం తప్పు, బెలూన్ మాత్రం లేచింది. చార్లెస్ ఏం చేస్తున్నాడో తెలిసి చేశాడు. ఇనుము మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి హైడ్రోజన్ తీశాడు, రబ్బరు పూసిన పట్టు సంచిలో నింపాడు.

లెక్క కూడా చార్లెస్ వైపే ఉంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. దాన్ని 100 డిగ్రీలకు వేడిచేస్తే వ్యాకోచించి, ఐదో వంతు గాలి అడుగున తెరిచి ఉన్న మూతిలోంచి బయటికి పోతుంది. మిగిలేది 0.95 కిలో. అంటే ఘనపు మీటరుకు మోసేది పావు కిలోయే. హైడ్రోజన్ ఒక కిలోకు పైగా మోస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి బెలూన్ లేస్తుందని చాలామంది అనుకుంటారు. మూతి తెరిచే ఉంటుంది కాబట్టి ఒత్తిడి బయటితో దాదాపు సమానమే, తగ్గేది సాంద్రత. పైగా లెక్కకు వచ్చేది లోపలి వేడి ఒక్కటే కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా. బయట 35 డిగ్రీల ఎండ కాస్తుంటే ఆ పావు కిలో 0.2కి పడిపోతుంది. చలి ఉదయాలు బెలూన్‌కు అనుకూలించడానికి ఒక కారణం ఇదే.

అయినా నా ఓటు వేడిగాలికే. హైడ్రోజన్ బెలూన్ దిగాలంటే వాయువు వదలాలి, ఎక్కాలంటే ఇసుక పారబోయాలి. రెండూ తిరిగిరావు. చార్లెస్ తొలి ప్రయాణంలోనే సహప్రయాణికుడు దిగగానే తేలికైన బెలూన్ ఆయన్ను ఒంటరిగా మూడు వేల మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. మళ్లీ ఆయన ఎగరలేదు. వేడిగాలి అలా మొండికేయదు. బట్టలోంచి వేడి తనంతట తానే పోతుంటుంది, మంట ఆపితే దిగుతుంది, పెంచితే ఎక్కుతుంది. అప్పట్లో లోపమల్లా మంటదే. తడి స్పాంజీతో బట్టకు అంటుకున్న నిప్పు ఆర్పుకుంటూ ఎగరాల్సి వచ్చింది. రెండు పద్ధతులనూ ఒకే బెలూన్‌లో కలపబోయి రోజియర్ 1785లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1960లో ఎడ్ యోస్ట్ ప్రొపేన్ బర్నర్‌తో ఎగిరాకే మాంట్‌గోల్ఫియర్ల ఆలోచనకు తగిన పొయ్యి దొరికింది.

పరికరాలను పైపైకి పంపడానికి హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఈనాటికీ హైడ్రోజన్‌నే వాడుతోంది. అది న్యాయమే. మనుషులు ఎక్కి ఊరు చూసి క్షేమంగా దిగాలంటే మాత్రం, 2017లో అరకు లోయ పండుగలో చూసినట్టు, వేడిగాలే మేలు.