సినీ సంగీత దర్శకులు: సామ్యం, సొంతదనం

5.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రెండు సినిమా బాణీల మధ్య సామ్యం ఏయే కారణాల వల్ల ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• పాట బాణీకి, నేపథ్య సంగీతానికి సొంతదనాన్ని వేరువేరుగా ఎలా అంచనా వేయాలో తెలుసుకుంటారు.
• జానపద బాణీలను సినిమాలో వాడుకున్నప్పుడు తలెత్తే ప్రశ్నలను చర్చించగలుగుతారు.

5.1 పరిచయం

కొత్త సినిమా పాట విడుదలైన రోజే "ఇది ఎక్కడో విన్నట్టుందే" అనే మాట వినిపిస్తుంది. ఆ వెంటనే "కాపీ" అనే తీర్పు కూడా వచ్చేస్తుంది. మొదటి మాట శ్రోత అనుభవం. దాన్ని ఎవరూ కాదనలేరు. రెండోది ఆరోపణ. దానికి ఆధారం చూపాలి. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని దాటించడమే విమర్శకుని పని.

ఇది కేవలం రసాస్వాదనకు సంబంధించిన విషయం కాదు. టైటిల్స్‌లో ఎవరి పేరు పడుతుంది, ఎవరికి పారితోషికం అందుతుంది, ఎవరి కృషి చరిత్రలో నిలుస్తుంది అన్నవన్నీ ఈ తీర్పు మీద ఆధారపడి ఉంటాయి. కాబట్టి తొందరపడి నిందించినా, తొందరపడి వెనకేసుకొచ్చినా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

5.2 సామ్యం ఎక్కడ పుడుతుంది?

(అ) ఉమ్మడి సొత్తు: రాగాలు, తాళాలు, జానపద వరసలు అందరివీ. మోహన రాగంలో కట్టిన రెండు పాటలు ఒకే కుటుంబానికి చెందినవిగా వినిపించడం సహజం. ఒక రాగాన్ని ఎంచుకున్నంత మాత్రాన అది అనుకరణ అనలేము. ఆ రాగంలో ఏ స్వరం దగ్గర ఆగారు, ఏ మాట మీద సంగతి వేశారు అన్న చోట సంగీత దర్శకుని ముద్ర కనిపిస్తుంది.

(ఆ) శిక్షణ: తెలుగు సినిమా సంగీతం చాలావరకు గురుశిష్య పరంపరలో సాగింది. చక్రవర్తి దగ్గర పనిచేసిన వారిలో కీరవాణి, రాజ్-కోటి ఉన్నారు. రాజ్ తండ్రి టి.వి.రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఇద్దరూ ప్రసిద్ధ సంగీత దర్శకులే. తమన్ స్వతంత్ర సంగీత దర్శకుడు కావడానికి ముందు మణిశర్మ దగ్గర పనిచేశారు. ఏళ్ల తరబడి ఒకరి రికార్డింగ్ గదిలో గడిపిన వారి వాయిద్య కూర్పులో గురువు అలవాట్లు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

(ఇ) దర్శకుని కోరిక: ఎడిటింగ్ సమయంలో సన్నివేశానికి తాత్కాలికంగా వేరే సంగీతాన్ని జోడించి చూసుకోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. వారాల తరబడి ఆ సంగీతంతోనే దృశ్యాన్ని చూసిన దర్శకుడు చివరకు "ఇలాంటిదే కావాలి" అంటాడు. స్టాన్లీ కుబ్రిక్ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) సినిమాకు అలెక్స్ నార్త్ సంగీతం సమకూర్చారు. అయితే కుబ్రిక్ దాన్ని పక్కన పెట్టి, తాత్కాలికంగా వాడిన శాస్త్రీయ సంగీతపు రికార్డులనే ఉంచేశారు. ఇలాంటి ఒత్తిడి నడుమ పుట్టిన పోలికకు సంగీత దర్శకుడు ఒక్కడే బాధ్యుడు కాడు.

(ఈ) నేరుగా తీసుకోవడం: బాణీని ఉన్నదున్నట్టుగా, లేదా కొద్ది మార్పుతో వాడుకోవడం. దీనిలో హక్కుదారుల అనుమతితో చేసినది, చెప్పకుండా చేసినది అని రెండు రకాలు. విమర్శలో ఈ తేడాను తప్పక గుర్తించాలి.

5.3 ఒకే సినిమా, ముగ్గురి పాలు

'మాయాబజార్' (1957) సినిమా టైటిల్స్‌లో సంగీత దర్శకునిగా ఘంటసాల పేరు కనిపిస్తుంది. అయితే ఈ సినిమాకు మొదట పనిచేసినవారు సాలూరి రాజేశ్వరరావు. "లాహిరి లాహిరి", "చూపులు కలసిన శుభవేళ" సహా నాలుగు పాటలకు ఆయన బాణీలు కట్టిన తరువాత తప్పుకున్నారు. ఘంటసాల ఆ బాణీలకు వాయిద్య కూర్పు చేసి, రికార్డు చేయించి, మిగిలిన పాటలను సొంతంగా సమకూర్చారు. "వివాహ భోజనంబు" పాట మూలం మరోచోట ఉంది. అది సురభి నాటకాల నుంచి వచ్చింది.

మరి ఈ సినిమా సంగీతం ఎవరిది? ఈ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెబితే మిగిలినవారికి అన్యాయం చేసినట్టే. మోహన రాగంలోని "లాహిరి" స్వరాల నడక రాజేశ్వరరావుది. ఆ పాట వెన్నెల్లో పడవ మీద సాగుతున్నట్టు వినిపించడానికి కారణమైన వాయిద్యాల అమరిక, గానం ఘంటసాలవి. నాటకరంగం నుంచి వచ్చిన పాటను ఘటోత్కచుని తెర రూపానికి అతికేలా మలచడంలోనూ సృజన ఉంది. బాణీ కట్టడం, కూర్పు చేయడం, దృశ్యానికి అమర్చడం అనే మూడు పనులు వేరువేరని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది. సొంతదనం ఈ మూడింటిలో ఎక్కడైనా ఉండవచ్చు.

దీనికి తోడుగా మరో రెండు సందర్భాలు చూడండి. 'మిస్సమ్మ' (1955)లో రాజేశ్వరరావు కట్టిన "బృందావనమది అందరిది" బాణీ ఆ సినిమా హిందీ రూపమైన 'మిస్ మేరీ' (1957)లో మళ్ళీ వినిపిస్తుంది. హిందీ సినిమా సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. దేశమంతటా చాలామంది ఆ బాణీని హేమంత్ కుమార్ పేరుతోనే ఎరుగుదురు. ఇక్కడ బాణీకి ఏ లోటూ జరగలేదు. లోటు జరిగింది కట్టినవారి పేరుకు.

'సువర్ణ సుందరి' విషయం వేరు. "హాయి హాయిగా ఆమని సాగే" అనే రాగమాలికను కట్టిన ఆదినారాయణరావే ఆ సినిమా హిందీ రూపానికీ సంగీత దర్శకుడు. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడిన పాటను హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. ఎవరి బాణీని వారే మళ్ళీ వాడుకుంటే దాన్ని దొంగతనం అనలేము. అయితే కొత్త గొంతులతో, కొత్త భాషతో అది ఏం సాధించిందని అడగవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
'మాయాబజార్', 'మిస్ మేరీ' ఉదాహరణల్లో పేరు దక్కే విషయంలో కనిపించే తేడా ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాయండి.

5.4 నేపథ్య సంగీతంలో సొంతదనం

పాటను సినిమా నుంచి విడదీసి వినగలం. నేపథ్య సంగీతం అలా కాదు. పరిశ్రమలో రీరికార్డింగ్ అని పిలిచే ఈ పని అంతా పూర్తయిన దృశ్యం మీద జరుగుతుంది. కాబట్టి "ఈ స్వరాలు ముందు విన్నామా?" అనే ప్రశ్న ఇక్కడ సరిపోదు. "ఈ సంగీతం లేకపోతే ఈ సన్నివేశం ఏం కోల్పోతుంది?" అని అడగాలి.

నీనో రోటా ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. 'గాడ్‌ఫాదర్' (1972) సంగీతానికి ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అందులోని ఒక ప్రధాన బాణీని ఆయనే 'ఫార్చునెల్లా' (1958) అనే ఇటలీ సినిమాకు వాడారని తేలడంతో ఆ నామినేషన్‌ను ఉపసంహరించారు. రెండేళ్ళ తరువాత వచ్చిన 'గాడ్‌ఫాదర్' రెండో భాగం సంగీతానికి ఆయన ఆస్కార్ అందుకున్నారు. పాత సినిమాలో హాస్యానికి పనికొచ్చిన బాణీ, వేగం తగ్గి వాయిద్యం మారగానే విషాద గాథకు ఊపిరైంది. పురస్కార నిబంధన దృష్టిలో అది కొత్త సంగీతం కాదు. విమర్శ దృష్టిలో మాత్రం అది కొత్త పని చేసింది. రెండు తీర్పులూ వాటి వాటి పరిధిలో సరైనవే.

మన దేశంలో ఈ తేడాను గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 2009 సంవత్సరపు సినిమాలకు ఇచ్చిన 57వ జాతీయ పురస్కారాల నుంచి పాటలకు, నేపథ్య సంగీతానికి వేరువేరుగా బహుమతులు ఇస్తున్నారు. ఆ 57వ పురస్కారాల్లో నేపథ్య సంగీతానికి బహుమతిని 'పళస్సి రాజా' అనే మలయాళ చిత్రానికి ఇళయరాజా అందుకున్నారు. 69వ పురస్కారాల్లో రెండూ తెలుగు సినిమాలకే వచ్చాయి. పాటలకు 'పుష్ప'తో దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి 'ఆర్‌ఆర్‌ఆర్'తో కీరవాణి ఎంపికయ్యారు.

కోటగిరి, బాన్సువాడ ప్రాంత విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ 'ఫిదా' (2017). బాన్సువాడ నేపథ్యంగా శేఖర్ కమ్ముల తీసిన ఈ సినిమాలో పాటలకు శక్తికాంత్ కార్తీక్, నేపథ్య సంగీతానికి జీవన్ బాబు పనిచేశారు. ఒకే కథకు ఇద్దరు. "ఫిదా మ్యూజిక్ బాగుంది" అనే మాట ఎవరిని మెచ్చుకుంటోంది? చాలామంది మనసులో ఉండేది పాటలే. పొలం గట్టు మీద, ఇంటి వాకిట్లో మాటల కింద నడిచే సంగీతం గుర్తుకు రాదు. అది గుర్తుకు రాకపోవడం ఒక విధంగా ఆ పని విజయమే. కానీ విమర్శకుడు కూడా దాన్ని మరచిపోతే ఆ కళాకారుని పేరు చెప్పేవారే ఉండరు.

ఇక్కడే మరో సామ్యాన్ని గమనించాలి. కథానాయకుడు తెర మీదికి రాగానే పెద్ద డప్పుల మోత, బృందగానం, సంస్కృత పదాల ఉచ్చారణ, చివర ఒక్కసారిగా నిశ్శబ్దం. ఈ వరుస నేడు అనేక సినిమాల్లో వినిపిస్తోంది. ఇందులో ఎవరి బాణీనీ ఎవరూ తీసుకోలేదు. ఏ న్యాయస్థానానికీ ఇది పట్టదు. అయినా ఒక బాణీని అరువు తెచ్చుకున్న పాటకన్నా ఈ మూస ఎక్కువ నష్టం చేస్తుంది. అరువు బాణీ ఒక పాటకే పరిమితం. మూస సంగీతం వేరువేరు కథల్లోని వేరువేరు మనుషులను ఒకే మనిషిగా మార్చేస్తుంది. సొంతదనం లోపించడమంటే అసలు ఇదే.

5.5 జానపద బాణీ: అందరిదీ, అయినా కొందరిదీ

మన ఊళ్ళలో బతుకమ్మ ఆడేటప్పుడు ఒకే వరస మీద ఊరికో కథ పాడతారు. ఆ వరస ఎవరిదని ఎవరూ అడగరు. అదే వరస సినిమాలోకి వెళ్ళినప్పుడు మాత్రం పేరు, డబ్బు అనే ప్రశ్నలు వస్తాయి.

'లవ్ స్టోరీ' (2021) సినిమాలోని "సారంగ దరియా" పాట విషయంలో ఇదే జరిగింది. జానపద పల్లవిని తీసుకొని సుద్దాల అశోక్‌తేజ పాట రాశారు. పవన్ సి.హెచ్. సంగీతం సమకూర్చారు. మంగ్లీ పాడారు. అప్పటికే ఆ జానపద గీతాన్ని టీవీ కార్యక్రమంలో పాడిన కోమలి అనే గాయని తనకు గుర్తింపు దక్కలేదని అభ్యంతరం తెలిపారు. దర్శకుడు స్పందించి తగిన గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించారు.

జానపదం ప్రజల సొత్తు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చన్న వాదనలో నిజం ఉంది. అయితే ప్రజల సొత్తు దానంతట అది నిలవదు. దాన్ని విని, గుర్తుపెట్టుకొని, పాడి, తరువాతి తరానికి అందించే మనుషులు ఉంటారు. ఆ శ్రమకు యాజమాన్య హక్కు లేకపోవచ్చు, పేరు పొందే అర్హత మాత్రం ఉంది. 'బలగం' (2023) సినిమాలో భీమ్స్ సిసిరోలియో సంగీతంతో పాటు, పతాక సన్నివేశంలో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గానం కీలకం. వారి కళను వేరొకరి గొంతులో వినిపించకుండా వారినే తెర మీదికి తీసుకురావడం వల్ల అరువు అన్న మాటకు అక్కడ చోటు లేకపోయింది.

5.6 చట్టం, విమర్శ

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం సంగీత రచనకు రక్షణ కల్పిస్తుంది. ఎన్ని స్వరాలు కలిస్తే కాపీ అవుతుందన్న లెక్క ఆ చట్టంలో లేదు. ఒక నాటకానికి, సినిమాకు మధ్య పోలికపై వచ్చిన ఆర్.జి.ఆనంద్ కేసు (1978)లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది. భావానికి, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుంది. ఈ సూత్రాన్ని సంగీతానికి అన్వయించుకుంటే రాగం భావం వంటిది, కట్టిన బాణీ రూపం వంటిది అనుకోవచ్చు. చట్టం అంతవరకే చెప్పగలదు. నేరం కానిదంతా గొప్ప సృజన అని గాని, అరువు తెచ్చినదంతా విలువ లేనిదని గాని అది చెప్పదు. ఆ పని విమర్శది.

5.7 సారాంశం

రెండు బాణీల మధ్య పోలిక కనిపించినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పోలిక ఎక్కడి నుంచి వచ్చింది? ఏం మారింది? ఆ మార్పు దృశ్యానికి ఏం చేసింది? మూలకర్తకు పేరు దక్కిందా? మొదటి మూడింటికి మంచి జవాబు దొరికి నాలుగోదానికి దొరకకపోతే, ఆ పాట కళగా గెలిచి న్యాయంగా ఓడినట్టు. ఈ రెండు తీర్పులనూ ఒకే వ్యాసంలో, ఒకదాన్ని మరొకటి మింగకుండా రాయగలగడమే మంచి సంగీత విమర్శ లక్షణం.

5.8 మాదిరి ప్రశ్నలు

I. పది వాక్యాల్లో జవాబు రాయండి.
1. సినిమా సంగీతంలో సామ్యానికి గల కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. నేపథ్య సంగీతంలో మూస ఎందుకు హానికరం? మీ అభిప్రాయాన్ని చర్చించండి.

II. అభ్యాసం
మీకు నచ్చిన సినిమాలో ఐదు నిమిషాల సన్నివేశాన్ని ఎంచుకోండి. మొదట శబ్దం లేకుండా, తరువాత శబ్దంతో చూడండి. సంగీతం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఏ మాట ముందు తగ్గింది రాసుకోండి. టైటిల్స్‌లో నేపథ్య సంగీతానికి ఎవరి పేరు ఉందో చూసి, ఆ పేరుతోనే మీ వ్యాసాన్ని మొదలుపెట్టండి.