లక్ష గుడ్ల లెక్క

ఏప్రిల్ 15 దగ్గర పడితే చాలు, తీరం పొడవునా పాత వాదన కొత్తగా మొదలవుతుంది. జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. దానిమీద విసుక్కునేవాళ్లు ఏటా అనే మాట ఈ వారం మళ్లీ చెవిన పడింది: ఒక్కో చేప లక్షల గుడ్లు పెడుతుంటే సముద్రంలో చేపకు కరువేమిటి? తెలివితక్కువ మాట అని కొట్టిపారేయడానికి లేదు. 1883లో లండన్‌లో జరిగిన చేపల ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త కూడా, కాడ్ లాంటి పెద్ద సముద్రపు చేపలు మనిషి ఎంత పట్టినా తరగవని చెప్పాడు. హక్స్‌లీ నమ్మాడు కాబట్టి మనమూ నమ్మాలని లేదు. కాడ్ కథ ఎలా ముగిసిందో తెలిశాక అసలే నమ్మనక్కర్లేదు. అయితే దానికి ముందు మన చెరువులోకి చూడాలి. గుడ్ల లెక్క ఎంత మోసమో అక్కడే తేలిపోతుంది.

బొచ్చె కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. తిలాపియా పెట్టేది కొన్ని వందలు. గుడ్ల లెక్కే నిజమైతే మన చెరువులన్నీ బొచ్చెలతో నిండిపోవాలి, తిలాపియా కనబడకుండా పోవాలి. జరుగుతున్నది తలకిందులు. బొచ్చె పిల్లల్ని ఏటా హేచరీల నుంచి తెచ్చి పోయాలి. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా పంచుతున్నదీ ఇలాంటి పిల్లల్నే. 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియాను మాత్రం ఎవరూ పోయనక్కర్లేదు, చెరువులో పడ్డాక వదిలించుకోవడమే కష్టం. బొచ్చెకు పారే వరద నీరు కావాలి కదా, నిలవనీటి చెరువులో గుడ్డే పెట్టని చేపతో పోలిక ఏమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ సూదిమందుతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించేదాకా పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవాళ్లం. కానీ నదిలోనూ ఆ లక్షలో బతికి బట్టకట్టేవి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. ఎందుకంటే బొచ్చె గుడ్లను వరదకు వదిలేసి తన దారిన తాను పోతుంది. తిలాపియా తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లో దాచుకుంటుంది, పిల్లలు కొన్ని నెలలకే ఈడుకొస్తాయి, తల్లి మళ్లీ మళ్లీ గుడ్డు పెడుతుంది. మన కొరమేను కూడా కొన్ని వేల గుడ్లే పెట్టి పిల్లల గుంపు వెంటే కాపలా తిరుగుతుంది. కాపలా లేనిచోట ప్రకృతి గుడ్ల సంఖ్య పెంచింది. అంటే లక్ష గుడ్లు ఆ చేప కలిమికి గుర్తు కావు. దాని పిల్లల్లో ఎన్ని చస్తాయో చెప్పే లెక్క అది.

మరి జాతి పెరుగుదలను నడిపించేది ఏది? వడ్డీ వ్యాపారికి ఇది వివరించనక్కర్లేదు. రెండు జాతులు తీసుకోండి. రెండింట్లోనూ ఒక్కో ఆడచేప రెండేసి ఆడపిల్లల్ని ఈడుకొచ్చేదాకా నిలబెట్టిందనుకుందాం. తరానికీ తరానికీ మధ్య ఏడాది పట్టే జాతి పదేళ్లలో వెయ్యి రెట్లు దాటుతుంది. పదేళ్లు పట్టే జాతి అదే పదేళ్లలో రెండింతలవుతుంది, అంతే. ఎన్ని గుడ్లు అన్నదానికన్నా మొదటి గుడ్డు ఏ వయసులో అన్నది పెద్ద ప్రశ్న. చేపలు తగ్గితే మిగిలినవాటికి తిండి ఎక్కువై జాతి తనంతట తానే పుంజుకుంటుందని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే, పుంజుకుంటుంది, కానీ దానికీ హద్దుంది. 1999లో రాన్సమ్ మయర్స్, ఆయన సహచరులు ఏడువందలకు పైగా చేపల సముదాయాల లెక్కలు పరిశీలించారు. సంఖ్య బాగా పడిపోయి పోటీ లేని దశలో కూడా, ఒక్కో పెద్ద చేప ఏడాదికి ఈడుకు తేగలిగిన పిల్లలు ఎక్కువ జాతుల్లో ఒకటి నుంచి ఏడు లోపే అని తేలింది. గుడ్లు లక్షల్లో ఉన్నా అంతే. లక్షలాది గుడ్లు పెట్టే కాడ్, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1992 నాటికి ఎంతగా తరిగిపోయిందంటే కెనడా వేటను ఆపేయాల్సి వచ్చింది. ఆ నిషేధం ఎత్తేసింది 2024లో, అదీ 18 వేల టన్నుల పరిమితితో.

ఇంతవరకూ వాదన సాఫీగా సాగింది. త్వరగా ఈడుకొచ్చే చేపకు భయం లేదు, ఆలస్యంగా ఈడుకొచ్చేదానికి గండం. కానీ నూనె కవళ్లు ఈ తీర్పుకు అడ్డం పడతాయి. ఏడాదిలోపే ఈడుకొచ్చే ఈ చేప 2012లో కేరళలో నాలుగు లక్షల టన్నుల దాకా పడింది. 2021లో మూడున్నర వేల టన్నులైనా పడలేదు. మళ్లీ 2023కల్లా లక్ష టన్నులు దాటింది. లేవడంలో ఎంత వేగమో కూలడంలోనూ అంతే వేగం. రెండు మూడేళ్లే బతికే జాతికి వరసగా రెండు సీజన్లు సముద్రం కలిసిరాకపోతే వెనక నిల్వ ఉండదు. నిదానంగా పెరిగే చేపకు ఆ నిల్వే బలం. ఈ ఏడు పిల్లలు నిలవకపోయినా తల్లి పై ఏడు మళ్లీ పెడుతుంది, ఆ పై ఏడూ పెడుతుంది. దీర్ఘాయుష్షు బలహీనత కాదు, చెడ్డ ఏళ్లు దాటించే గాదె. మన వలలు ముందుగా ఖాళీ చేసేది సరిగ్గా ఆ గాదెనే. కాడ్ వేట మూతపడక ముందు ఏళ్లలో ఆడ కాడ్‌లు మునుపటికన్నా చిన్న వయసులో, చిన్న ఒంటితో గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. లెక్క ప్రకారం అది మంచి వార్త కావాలి. నిజానికి అది ప్రమాద సూచన, ఎందుకంటే పెద్ద తల్లికి చిన్న తల్లి సాటి రాదు. ముప్పై కిలోల కాడ్ తల్లి ఒక్కటి, రెండు కిలోల తల్లులు ఇరవై ఎనిమిది కలిసి పెట్టేన్ని గుడ్లకన్నా ఎక్కువ పెడుతుందని 2018లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

ఈ కాలమ్ పాఠకులకు నా పాత పట్టుదల తెలుసు. వల కన్ను పెద్దది చేయాలి, ఒక్కసారైనా గుడ్డు పెట్టని చేపను పట్టకూడదు. ఈ మాట ఎన్నిసార్లు రాసి ఉంటానో. నియమంగా ఇది అందంగా ఉంటుంది, కొలవడానికీ తేలిక. కవళ్లు, కనగుర్తల లాంటి చేపలకు సరిగ్గా సరిపోతుంది. పెద్ద సొరల సంగతి వేరు. వాటిలో చాలా జాతులకు పదేళ్లు, పదిహేనేళ్లు వస్తేగానీ ఈడు రాదు. సుమారు ఏడాది కడుపున మోసి పదో ఇరవయ్యో పిల్లల్ని కంటాయి, కొన్ని ఏడాది విడిచి ఏడాది. చిన్న జాతి సొరలు కొన్ని ఇంతకన్నా త్వరగా ఈడుకొస్తాయన్నది నిజమే, కానీ పెద్దవాటికి ఆ వెసులుబాటు లేదు. అలాంటి తల్లిని ఒక్కసారి కననిచ్చి పట్టేస్తే ఆ పదిహేనేళ్ల ఎదురుచూపుకు దక్కేది ఒకే కాన్పు. ఆ పిల్లల్లోనూ ఈడు దాకా నిలిచేవి కొన్నే. బాలింతకు పాలు పడతాయని మనం వండిపెట్టే సొర, తానే కడుపుతో ఉన్న తల్లి కావచ్చు. ఏడాది మోసే తల్లికి 61 రోజుల నిషేధం ఏపాటి? జూన్ 15న వలలు తిరిగి దిగేసరికి అది ఇంకా కడుపుతోనే ఉంటుంది. నిషేధం వద్దని నేననడం లేదు. 2015లో దాన్ని 47 రోజుల నుంచి 61కి పెంచడం మంచి పనే, అది కాపాడే చేపలు చాలా ఉన్నాయి. సొరకు కావలసింది మాత్రం రోజుల నిషేధం కాదు. ఇంతకన్నా పెద్దదాన్ని పట్టరాదనే గరిష్ఠ కొలత, ప్రాణంతో వలలో పడ్డ పెద్ద ఆడదాన్ని తిరిగి నీళ్లలో వదిలే అలవాటు. వదిలిన ప్రతి చేపా జాలరికి ఆ పూట నష్టమే, ఆ నష్టం ఎవరు భరించాలో తేలకుండా అలవాటు దానంతటది రాదు. అంతవరకూ, ఒక్కసారి గుడ్డు పెట్టనిస్తే చాలని నేను రాసినదంతా కవళ్లకూ కనగుర్తలకూ మాత్రమే అని చదువుకోండి. సొరల విషయంలో అది తప్పు.